నీలంగాడి కడ్డీ

ఇంటి నుంచి,
ఆదివారం, జూన్ 14.

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ ముక్క రాయని ఉత్తరాన్ని పోస్టువాళ్ళు తీసుకోరని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. పదో తరగతి దాకా నమ్మాను. అందుకే ఇప్పటికీ చెయ్యి దానంతటదే రాసేస్తుంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిట్రా అని విసుక్కుంటావని తెలుసు. ఫోన్లో నువ్వు నా మాటలు వినవు, ఊపిరి లెక్కపెడతావు. మొన్న పక్కింటివాళ్ళ కుక్క మా కొట్టు మేస్త్రీ చెప్పు ఎత్తుకుపోయిన కథ చెబుతుంటే మధ్యలో ఆపి, మాటకీ మాటకీ మధ్య అంత ఖాళీ ఎందుకని నిలదీశావు. కుక్కా పోయింది, చెప్పూ పోయింది, మిగిలింది నా ఆయాసం ఒక్కటే. కాగితం మీదయితే ఆ బాధ లేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య నేను ఒక కునుకు తీసినా నీకు తెలియదు.

కొట్టు సంగతులు ముందు. మా కళ్ళజోళ్ళ కొట్టు ఓనరు నా కుర్చీని అద్దాలు అరగదీసే మిషను పక్కకి జరిపించాడు. ఇక నేను కౌంటరు దగ్గరికి లేవక్కర్లేదట. నాకిచ్చిన గౌరవమో, బేరాలు పాడుచేస్తున్నానన్న భయమో తెలియదు. పోయిన వారం ఒక పెద్దాయన వచ్చి, మేం చేసిన కళ్ళజోడుతో పేపరు చదవబోతే అక్షరాలు అలుక్కుపోతున్నాయని కేకలు వేశాడు. తీసి చూద్దును కదా, అది వాళ్ళావిడది. ఆవిడేమో ఇంట్లో ఆయనది పెట్టుకుని, లోకం ఇవాళ శుభ్రంగా కనబడుతోందని సంబరపడుతోందట. చివరికి ఇద్దరికీ నెంబర్లు మళ్ళీ చూడాల్సి వచ్చింది.

నా పని మాత్రం బాగానే సాగుతోంది. అద్దాన్ని ఫ్రేముకి పట్టేట్టు అరగదీయడంలో నా చెయ్యి ఇంకా తప్పలేదు. చేరిన రోజున మేస్త్రీ ఒకే మాట చెప్పాడు, కాస్త పెద్దగా ఉండగానే ఆగి చూసుకోమని. పెద్దదాన్ని మళ్ళీ అరగదీయొచ్చు, చిన్నదైపోయిన అద్దం చెత్తబుట్టకే. ఆ మాట నాకు అన్నం పెడుతోంది.

ఇక అసలు వార్త. నువ్వు చేసిన గొట్టం గుండెకి వేయించుకున్న మొదటి పాప, ఆసుపత్రి నుంచి నవ్వుతూ ఇంటికి వెళ్ళింది. ఆ రోజు నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు కాబట్టి, ముప్ఫై నాలుగేళ్ళు నెత్తిమీదికొచ్చినా నేను పిల్లల గుండె విభాగం పేషెంటునే కదా. అక్కడి కుర్చీలు నా మోకాళ్ళ దాకా కూడా రావు. గోడ నిండా ఏనుగులు. కొత్త నర్సు వచ్చినప్పుడల్లా నీలంగా ఉన్న నా పెదాలు చూడకముందే బాబు ఏడీ అని అడుగుతుంది. నేనే బాబునమ్మా అంటే నవ్వాలో జాలిపడాలో తెలియక బరువు చూసే మిషను వైపు చూస్తుంది.

పాపని వాళ్ళ నాన్న ఎత్తుకుని మెట్లు దిగుతుంటే నేను ఆ పిల్ల వేళ్ళు చూశాను. గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయక్కా! మనింట్లో ఎవరూ ఏనాడూ నా చేతికి చూడని రంగు. గుండె నుంచి ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి లేకుండా పుట్టిన పిల్లకి నువ్వు దారి వేశావు. వెంట్రుకని నిలువునా వందల పాయలుగా చీలిస్తే వచ్చేంత సన్నటి దారాన్ని, కరెంటుతో లాగి, తిరిగే ఉక్కు కడ్డీ మీద చుట్టి, గొట్టంగా జార్చి తీశావు. నన్ను చూసే డాక్టరమ్మే దాన్ని పాప గుండెకి కుట్టింది. ఇక ఆ దారాల సందుల్లో పాప సొంత కండ అల్లుకుంటుంది, దారాలు కరిగిపోతాయి, గొట్టం పాపతోపాటే పెరుగుతుంది. గొర్రెపిల్లల్లో పెరిగింది కాబట్టి ఈ పిల్లలోనూ పెరుగుతుందని డాక్టరమ్మ ధైర్యం. నాకు పెట్టిన గొట్టాలు పెరగక, నేను పెరిగినప్పుడల్లా ఛాతీ కోసి మార్చారు కదా. ఆ పిల్లకి ఆ కోతలు తప్పుతాయేమో.

నాకు గర్వంతో ఏడుపొచ్చింది. అక్కడున్న ఏనుగులన్నీ చూశాయి.

ఇదంతా నా కోసమే మొదలైందని నువ్వు అందరికీ చెబుతావు. నేను బడికి నడవలేకపోతే కూరగాయల తోపుడుబండి అడిగి తెచ్చి, అందులో కూర్చోబెట్టి లాక్కెళ్ళావు. దారిలో పిల్లలు నీలంగాడొచ్చాడని అరిస్తే, ఒకడి ముక్కు పగలగొట్టి, ఆ పేరు నువ్వే నాకు పెట్టేశావు, ఇక వేరేవాళ్ళు పిలిస్తే ఊరుకోనని. రెండోసారి నా గుండె కోసినప్పుడు, పెరిగే గొట్టం చేస్తానని అమ్మతో అన్నావు. అమ్మ ఆ రోజు అన్నం తినమంది అంతే. ఇది చెయ్యమని నిన్ను ఎవరూ అడగలేదక్కా. నీ నెత్తికి నువ్వే ఎత్తుకున్నావు.

నిరుడు నిన్ను చూడటానికి వచ్చినప్పుడు నువ్వు గొట్టాలు చేసే గదిలోకి నన్ను రానివ్వలేదు. అద్దం ఇవతల నిలబెట్టారు. తల నుంచి కాలి దాకా తెల్లటి సూటు, ముక్కుకి మాస్కు, చేతికి రెండు జతల గ్లవ్స్. కళ్ళు మాత్రమే నీవి. తలుపు వెనక ఇంకో తలుపు, కిటికీ లేదు, గాలి కూడా వాళ్ళు వడబోసి వదిలిందే. మీ ఫ్యాక్టరీ అంతా గాలి ఫిల్టర్లకి గుడ్డ నేస్తుంటే, చివర్లో ఆ ఒక్క గదిలో నువ్వు. గంటల తరబడి నీళ్ళు కూడా తాగకుండా అందులో ఎలా ఉంటావోనని నాకు భయమేసింది. అప్పుడు నువ్వు అల్మరా తెరిచి ఒక లావుపాటి కడ్డీ తీసి, అద్దానికి ఆనించి చూపించావు. దానికి చీటీ కట్టి ఉంది, నీలంగాడిది అని. నా గుండెకి తీసిన స్కాను కొలతతో చేయించినది. పిల్లల వంతు అవగానే పెద్దవాళ్ళ వంతు, అందులో మొదటివాణ్ణి నేనేనని సైగ చేశావు. నేను బొటనవేలు చూపించాను. ఆ అద్దానికి ఏ వైపు ఉన్నవాళ్ళు బందీలో నాకు తేలలేదు.

ఇప్పుడు నా మనసులో ఉన్నది రాస్తాను, కోప్పడకు. మొన్న ఫోన్లో ఎంతో గొప్పగా చెప్పావు. పాప తర్వాత రెండో వంతు వచ్చిన బాబు కొలతకి సరిపడే కడ్డీ మీ దగ్గర లేదనీ, ఆ రకం ఉక్కు దూరం నుంచి రావడానికే నెలలు పడుతుందనీ, నా చీటీ కట్టినది తప్ప ఉన్నవన్నీ వాడి కొలత కంటే సన్నమనీ. మీ లేత్ మేస్త్రీ మాత్రం ఆ లావు కడ్డీ ఇస్తే వారంలో బాబు కొలతకి దించి మెరుగు పెడతానన్నాడనీ. నువ్వు దాన్ని అల్మరాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంటికి తెచ్చేసుకున్నావనీ. మా తమ్ముడి కడ్డీ జోలికి ఎవడొస్తాడో చూస్తానన్నావనీ.

వినగానే నాకు సంతోషమేసింది. ఎందుకు అబద్ధమాడాలి? నా కోసం లోకంతో పోట్లాడే మనిషి ఒకరున్నారంటే ఎవరికి సంతోషం ఉండదు? కానీ ఫోను పెట్టేశాక అన్నం సయించలేదు.

ఎందుకంటే ఆ రెండో బాబు నాకు తెలుసు. ఏనుగుల గోడ దగ్గర నా పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. నా కళ్ళజోడు లాక్కుని నోట్లో పెట్టుకుంటాడు. నాలుగడుగులు వేసి, గొంతుక్కూర్చుని, మోకాళ్ళు పొట్టకి నొక్కుకుంటాడు. నేనూ అలాగే కూర్చునేవాణ్ణని అమ్మ చెప్పేది, ఊపిరి అందనప్పుడు పిల్లలకి ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య అది. మొన్న వాళ్ళమ్మ నన్ను అడిగింది, మీరు ఇక్కడ పాతవారు కదన్నా, ఏదో సామాను రాలేదని వాయిదా వేస్తున్నారు, మీకేమైనా తెలుసా అని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి నిలబడ్డాను. ఆయాసం వచ్చి మళ్ళీ కూర్చున్నాను. తెలియదమ్మా అన్నాను. ఆవిడ నా ఆయాసం చూసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.



అక్కా, నాకు ఊపిరాడటం లేదు. గుండె వల్ల కాదు, నీ వల్ల. నువ్వు ఏ సుఖం వద్దనుకున్నా దానికి కారణం నేను, ఎవరితో తగువు పెట్టుకున్నా కారణం నేను. ఇప్పుడు ఒక పసివాడు ఆగిపోతే దానికీ నేనే. నేనేం అడగలేదు, కాదనీ అనలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో నోరు మూసుకుని బతకడం బాగా అలవాటయింది.

ఆ కడ్డీ ఇచ్చెయ్యక్కా. నా వంతు వచ్చేసరికి కొత్తది చేయించుకోవచ్చు. నేను ఆగగలను, ఇన్నేళ్ళు ఆగలేదా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు తెలుసు. అయినా ఈ ఒక్కసారికి నాలుగో కాలు లెక్కపెట్టు.

వేళకి తిను. ఆ సూటు విప్పాక కాసేపు మామూలు గాలిలో నడువు. డాక్టరమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ
నీలంగాడు

తా.క. ఈ ఉత్తరం మడిచి, కవరు అంటించి, బల్ల మీద పెట్టాను. మళ్ళీ చింపి తీశాను. నేను ఆగగలనని రాసిన ఆ ఒక్క ముక్కతో దీన్ని పోస్టులో వెయ్యలేకపోయాను.

నా వంతు లేదక్కా. నిరుడు వానాకాలంలోనే డాక్టరమ్మ స్కానులన్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. నా ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోయాయి, గుండె కండ కూడా అలిసిపోయింది. ఎంత మంచి గొట్టం వేసినా అవతల రక్తం తీసుకునే చోటు లేదు. మరొకరి గుండె పెట్టడానికీ అదే అడ్డం. ఛాతీ తెరిస్తే బల్ల మీంచి లేవనని ఆవిడ తిన్నగానే చెప్పింది, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. మందులతో ఎంతకాలం నడిస్తే అంతకాలం. నీకు చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను. అప్పటికి మొదటి పాపకి గొట్టం వెయ్యలేదు. తెలిస్తే నువ్వు ఆ గది వదిలేసి వచ్చి నా మంచం పక్కన కూర్చుంటావని భయపడ్డాను. అద్దానికి అవతల నుంచి నువ్వు కడ్డీ చూపించినప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసే బొటనవేలు చూపించాను.

ఇంకొక నిజం కూడా. వరసలో ఉన్నానని నువ్వు నమ్ముతుంటే, కాసేపు నాకూ ఉన్నట్టే అనిపించేది. అది వదులుకోబుద్ధి కాలేదు. పాప గోళ్ళు చూసిన రోజు వదులుకున్నాను.

లావుదాన్ని సన్నం చెయ్యొచ్చు, సన్నందాన్ని లావు చెయ్యలేం. నాకు వచ్చిన విద్యంతా అదే. చీటీ విప్పి నువ్వు దాచుకో, కడ్డీ మీ లేత్ మేస్త్రీకి ఇచ్చెయ్. బాబు కొలత కంటే కాస్త పెద్దగా ఉండగానే ఆగి చూసుకోమను.

ఇచ్చాక ఫోన్ చెయ్యి. ఊపిరి లెక్కపెట్టుకో, ఈసారి ఏమీ అనను.