కళావతి నెత్తురు సీసా

సిరిసిల్ల,
12-11-1986

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు, సిరిసిల్లలో నూలుకు రంగులద్దు ఆడెపు రాజేశం వ్రాసుకొను అర్జీ.

విషయం: చనిపోయిన నా పెద్దబిడ్డ నెత్తురు పరీక్షకు పనికిరాదన్న కాగితము, అదే జ్వరముతో పడియున్న చిన్నబిడ్డ గురించి.

అయ్యా,

1. గత నెల నా బిడ్డ కళావతికి, తొమ్మిదేండ్లది, జ్వరము, ఫిట్సు వచ్చినవి. మెదడువాపు అవునో కాదో నెత్తురులో తేలునని దవాఖాన డాక్టరు సీసాలో నెత్తురు తీసి, మంచుగడ్డల ఫ్లాస్కులో పెట్టి పట్నం ల్యాబుకు నన్నే పొమ్మన్నారు. నక్సలైట్లు తగులబెట్టుదురని దవాఖాన జీపును షెడ్డులో దాచినారు. నేను కాలినా ఫరవాలేదు కాబోలు, బస్సెక్కించినారు.

2. దారిలో పోలీసులు బస్సు ఆపి ఫ్లాస్కు తెరిచినారు. "ఏ దళపోనికిరా గీ నెత్తురు?" అన్నారు. "నా బిడ్డది సారూ, చిన్న పోరి" అని కాళ్లు పట్టుకున్నాను. మంచుగడ్డలు రోడ్డు మీద పారబోసి, రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టినారు.

3. ల్యాబు వారు "చెడిపోయినది" అని వ్రాసినారు. నేను ఇల్లు చేరేసరికి కళావతి లేదు.

4. ఇప్పుడు చిన్నది సుమిత్ర మూడు రోజులుగా అదే జ్వరములో ఉన్నది. నిన్న తమ ఆఫీసుకు వస్తే గుమాస్తా గంగారాం, "పరీక్షల తేలలే గద, మీ ఊర్ల మెదడువాపు లేనట్టే. క్యాంపు ఎట్ల పెడ్తం? దోమల మందు ఎట్ల కొట్టిస్తం?" అన్నాడు. సిగ్గుండాలె! తమ పిల్లకు జ్వరమొస్తే తమరు కాగితము కొరకు ఆగుదురా?

కావున నేడే సుమిత్ర నెత్తురు తీయించి, పోలీసులకు చీటీ ఇచ్చి, ఆ జీపులోనే పంపవలెను. ఈ అర్జీని గంగారాం బల్ల మీద పడవేయక తమరే చిత్తగించవలెను.

ఇప్పటివరకైతే తమ విధేయుడు,
ఆడెపు రాజేశం

తా.క. సారూ, ఒక ముచ్చట దాసిన. పోలీసోళ్లు ఇడిసినంక బస్సుల సీస సూస్తే, నెత్తురు అడుగుకు గడ్డకట్టి పైన పచ్చటి నీళ్లు తేలినయ్. రంగు కూసున్నదనుకున్న. బానల రంగు గట్ల కూసుంటే కలుపుతం, కలుపకుంటే నూలుకెక్కది. పట్నం దాక ఊపుకుంటనే పోయిన. ల్యాబుల మేడం, "పైన తేలిన ఆ నీళ్లే మాకు కావాల్సింది. ఇట్లా ఎవరు ఊపారు?" అని అడిగింది. పోలీసోళ్లని చెప్పిన.

సుమిత్ర నెత్తురు నా చేతికి ఇయ్యకుండ్రి.