మూల గది సంగతి

జూన్ 16, ఆదివారం

అక్కకు నమస్కారాలు.

నేను క్షేమం. నువ్వు క్షేమమేనని, నీ కోపం నీకంటే క్షేమంగా ఉందని బావ చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తవు కనుక ఈ ఉత్తరం. చింపేసేముందు ఒక్కసారి చదువు తల్లీ.

బావ కొత్త చొక్కా వేసుకుని, కళ్ళజోళ్ళ కొట్టుకని మా కంపెనీ అద్దెకిచ్చే భవనంలో మూల గదికి సంతకం పెట్టడానికి వస్తే, అందరి ముందూ వద్దన్నాను. నిజమే. అమ్మా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది దీని వరస అని పిన్ని దగ్గర అన్నావట. లీజింగ్ హెడ్ పదవి కోసం ఆ గదిని ఏ పెద్ద కంపెనీకో అట్టిపెట్టానని కూడా అన్నావట. ఆ మాట మాత్రం గుచ్చుకుంది.

ఏ గదైనా అద్దెకిచ్చేముందు పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడ నిలబడి, జనం ఎటు నడుస్తున్నారో చూడటం నా అలవాటు. ఆఫీసులో నన్ను ‘వాచ్‌మన్ మేడమ్’ అంటారు. అననీ! తాళంచెవుల గుత్తి పట్టుకుని ఖాళీ హాళ్ళు తెరిచే పనిలో చేరినదాన్ని, ఇవాళ అంతస్తులకు అంతస్తులు అద్దెకిస్తున్నానంటే అలా నిలబడటం వల్లే.

ఆ మూల దగ్గరా నిలబడ్డాను. లిఫ్టు దిగినవాళ్ళంతా ఎడమకే తిరుగుతారు, బయటికి దారి అటే మరి. కుడివైపు వచ్చేది బాత్రూమ్ వెతుక్కునేవాళ్ళు. ఆ తొందరలో ఉన్న మనిషి ఆగి కళ్ళజోడు బేరం చేస్తాడా, నువ్వే చెప్పు! ఇదంతా బావకూ చెప్పాను. అద్దాల గోడ చూసి మనసు పారేసుకున్న మనిషికి చెవులు పనిచేస్తాయా? నా పనితనం తెలిసినవాళ్ళు వెతుక్కుంటూ వస్తారులే మరదలు పిల్లా అని నవ్వాడు. నడుస్తున్న కొట్టు ఖాళీ చేసుకుని వచ్చి, ఏడాది తిరక్కముందే మీరు రోడ్డున పడితే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదక్కా.

బస్టాపు ఎదురుగా ఒక చిన్న గది ఖాళీ కాబోతోంది. ముందు నేను అక్కడ నిలబడి చూస్తాను. అంతవరకూ ఆయన్ని ఎక్కడా సంతకం పెట్టనివ్వకు.

పిల్లలకు ముద్దులు. కోపం తగ్గాక ఒక్క ఫోన్ కొట్టు.

నీ మొండి చెల్లెలు

తా.క.: భవనంలో మిగిలింది ఆ మూల గది ఒక్కటే. నెలాఖరులోగా అది నిండితే హెడ్ కుర్చీ నాది, లేకపోతే నా దగ్గర పని నేర్చుకున్నవాడిది అని మా ఆఫీసు పెద్దాయన తేల్చేశాడు. వచ్చినవాళ్ళందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, ఇంకెవరు తీసుకుంటారు? ఎన్నాళ్ళుగానో కోరుకున్న కుర్చీ, ఏడుపొస్తోంది. బావకు మాత్రం ఈ ముక్క చెప్పకు. తెలిస్తే, కొట్టు నడవదని నమ్మినా సరే, నాకోసం వచ్చి సంతకం పెట్టేస్తాడు.