ప్రొద్దుటూరు వాయిదాలు

అన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. మన చీనీతోట కోసం ప్రొద్దుటూరు కోర్టులో నీ మీద వేసిన కేసును ఈరోజు వెనక్కి తీసుకున్నాను.

మెట్ల దగ్గర నీ వకీలు నన్ను ఆపాడు. “తోట పులివెందుల దిక్కుంటే కేసు ఈడ చెల్లదప్పా. మొదట్లోనే ఆ మాట కోర్టుకు చెప్తామంటే మీ అన్న వొద్దన్యాడు. ‘ఈడికి రాకుంటే నా తమ్ముణ్ణి యాడ చూచ్చా?’ అన్యాడు.”

మోకాళ్ల నొప్పులతో అంతదూరం తిరగలేక తోట వదులుకుంటావనే నేను ఇక్కడ వేశాను. నువ్వు ఒక్క వాయిదా కూడా తప్పలేదు. చీనీకాయల సంచితో వచ్చి, వరండాలో నాకెదురుగా నిలబడేవాడివి.

ఆ కాయలు వకీలుకు తెచ్చావనుకుని, నేను ప్రతిసారీ గోడ వైపు తిరిగేవాణ్ణి.