ఫ్లాట్ అమ్మేసిన రోజు

జోయెల్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. లీడ్స్‌లో మన ఫ్లాట్ అమ్మేసి, పొద్దున కొన్నవాళ్లకు తాళాలు ఇచ్చేశాను. నీ నర్సు యూనిఫాం ఒకటి మాత్రం పెట్టెలో పెట్టుకున్నాను.

జబ్బు ముదిరాక అమ్మ దగ్గరికి వెళ్దామన్నావని నీతో ఫిలిప్పీన్స్ వచ్చాను. అక్కడ నువ్వు రెండు నెలలే ఉన్నావు, నేను ఉండిపోయాను. పొద్దున్నే ఎండుచేపలు వేయించే వాసనకు మొదట్లో పెరట్లోకి పారిపోయేదాన్ని. మీ అమ్మకు ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు, నాకు మీ భాష అసలే రాదు. నిన్ను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు ఆవిడ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు కొబ్బరినూనె రాసింది. అప్పుడే ఇద్దరం ఏడ్చాం.

ఇవాళ మెట్ల దగ్గర కింది ఫ్లాట్ పద్మ ఆంటీ అడిగింది.

"ఇక గుంటూరెళ్లిపోతావామ్మా?"

"లేదాంటీ, అత్తయ్య దగ్గరికే."

"ఆ అబ్బాయే లేకపోయాక అక్కడ నీకెవరున్నారే?"

"ఆవిడకి షుగరాంటీ. మాత్రలెవరిస్తారు?" అన్నాను.

అది సాకే. ఆవిడ మాత్రలు ఆవిడే వేసుకుంటుంది. కానీ జోయెల్, నీ పేరును ఆవిడ అచ్చం నువ్వు పలికినట్టే పలుకుతుంది. అది వినడానికి వెళ్తున్నాను.