జవాబుకు విడిచిన జాగా

చర్ల,
ఏప్రిల్ 2004

డాడీకి మీ పెద్దబిడ్డ వందనాలు.

తమ్ముడు జస్టిన్‌తో మీరు పంపిన టేప్‌రికార్డరు అందింది. చీటీ ఏమన్నా పెట్టిన్రేమోనని డబ్బా అంతా వెతికిన. లేదు. ఖమ్మం ట్రాన్స్‌ఫర్ వద్దు, ఈ అడవి బడిలనే ఉంటానన్న కాన్నుంచి మీరు నాతో మాట్లాడుతలేరు. అయినా మా బడికి ఏం కావాల్నో మీకే తెలిసింది.

ఇక్కడ రోజూ రేడియో పాఠం పెడతం. రేడియో టీచరమ్మ ప్రశ్న అడిగి, జెరసేపు ఆగి, "శభాష్ పిల్లలూ!" అంటది. మొన్న ఐదో తరగతి హేమ్లి కావాలనే తప్పు జవాబు చెప్పింది. అప్పుడు కూడా రేడియో శభాష్ అన్నది. "చూసిన్రా టీచర్, అది మన మాట వినదు. వినే పాఠం మనమే చేద్దాం" అన్నది హేమ్లి.

పిల్లలే మాట్లాడుకొని, మీ టేప్‌రికార్డరుతోని పాఠం రికార్డు చేసిన్రు. ఇప్పపువ్వు తెల్లారంగ రాలినట్టు పగటిపూట ఎందుకు రాలదని అడిగిన్రు. నాకు తెల్వదు. మా డాడీ ముప్పై ఏండ్లు సైన్స్ చెప్పిండని చెప్పిన. అందుకే ప్రతి ప్రశ్న తర్వాత మీ జవాబుకు జాగా విడిచిన్రు.

మీ జవాబులు అండ్లనే రికార్డు చేసేటందుకు క్యాసెట్టు, టేప్‌రికార్డరు రెండూ జస్టిన్‌తోనే పంపుతున్న. ఆఖరి ప్రశ్న హేమ్లిది: "తాతా, మా బడికి ఎప్పుడొస్తరు?" దాని తర్వాత క్యాసెట్టు అయిపోయేదాక ఖాళీగనే పెట్టినం.

తొందరేం లేదు డాడీ. మేం రేడియో కాదు, మీరు చెప్పేదాక ఆగుతం.

మీ బిడ్డ