ఇత్తడి గొట్టమూ నా ఎడమ కాలూ

తాల్, బతంగాస్
బుధవారం, కాఫీ అయ్యాక

బలాయే నికనోర్ గారికి,

మా అమ్మాయీ మీ అబ్బాయీ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నారు. ఆ కారణంగా మనం వియ్యంకులం, మన మాటలో బలాయేలం, కాబట్టి ముందుగా మీ క్షేమం కోరుతున్నాను.

మా అమ్మాయి అమీహాన్ చేత మీరు పంపిన పెట్టె చేరింది. సిగరెట్లు మానమని నాకు డాక్టరు చెప్పిన సంగతి మీ దాకా వచ్చిందన్నమాట. మా ఇంట్లో దగ్గు మీ ఊళ్ళో వినిపిస్తుంది. పెట్టెలో ఉన్నది మీ లేత్ మిషను మీద మీ చేత్తో తీసిన ఇత్తడి గొట్టమనీ, దాన్ని మెకానికల్ వేప్ అంటారనీ, సిగరెట్టుకు బదులు దాంతో ఆవిరి పీల్చాలనీ అమ్మాయి చెప్పింది. అందంగానే ఉంది. గొట్టం మీద చెక్కిన గద్ద ముక్కు కాస్త మీ ముక్కులా ఉంది, ఆ తప్పు మన్నించాను.

నాకు మూడు సందేహాలున్నాయి. దీనికి దీపం లేదు, తెర లేదు, లోపల చిప్పు లేదు. బ్యాటరీ ఒక పక్క, తీగ చుట్ట ఒక పక్క, మధ్యలో నా బొటనవేలు. ఏదైనా తేడా వస్తే ఆపేదెవరు? రెండోది, వాడే పద్ధతి చెప్పే కాగితం ఒక్కటీ లేదు. మనీలాలో పత్రికల, పుస్తకాల ప్రూఫులు దిద్దుతూ ముసలివాణ్ణయ్యాను, అచ్చు కాగితం లేని వస్తువును నేను నమ్మను. మూడోది, అడుగున చిల్లులున్నాయి. కొత్త వస్తువుకు చిల్లులేమిటి? ఆ చిల్లుల్లోంచి చీమలు దూరుతున్నాయి. గొట్టంలో పోయమని మీరు పంపిన మామిడి వాసన జ్యూస్ వాటికి బాగా నచ్చింది.

ఇది కానుకా, కక్షా? తెలియజేయండి.

మనవరాలి బాప్తిస్మానికి మీ ఇంటికి రమ్మన్నారు. రాను. కారణం మీకు తెలుసు. పెళ్ళి విందులో నా ప్రసంగం రోమన్ల వివాహ చట్టం దగ్గర ఉండగా మైకు చచ్చిపోయింది. ప్లగ్గును నా కాలు తన్నిందని మీరు అందరికీ చెప్పారు. నా కాలు తన్నలేదని మీరు కాగితం మీద రాసిచ్చేదాకా ఇమూస్‌లో మీ గడప తొక్కను.

ఇట్లు,
రెండు కాళ్ళూ అదుపులో ఉన్న
యులోహియో అతియెన్సా

తా.క. ఫోను చేయకండి. ఫోనులో అన్నమాట మర్నాటికి ఎవరిదీ కాదు. కాగితం మీద రాస్తే దాచుకోవచ్చు.

*

ఇమూస్, కవీతె
ఆదివారం

పెద్దలు, బలాయే యులోహియో గారికి,

మేమంతా బాగున్నాం. మీ ఉత్తరం మా ఆవిడ ఫెలీసా పైకి చదువుతుంటే విన్నాను. రోమన్ల దగ్గర ఆవిడ రెండు నిమిషాలు ఆగి మంచినీళ్ళు తాగింది.

బలాయే, ఆ చిల్లులు తప్పు కాదు. ఆ గొట్టంలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా తీసినవి అవే. బ్యాటరీకి ఎప్పుడైనా ఒళ్ళు మండితే లోపలి గాలి బయటకు పోవాలి. చిల్లులుంటే కిందికి పోతుంది. లేకపోతే గొట్టం తుపాకీ అవుతుంది, మీ ముఖం దాని ముందుంటుంది. చీమల్ని మీరే బుజ్జగించుకోండి, చిల్లుల జోలికి మాత్రం వెళ్ళకండి.

ఆపేదెవరని అడిగారు. మీరే. చిప్పున్న వేప్‌లో తెలివి చిప్పుది, దీంట్లో తెలివి మనిషిది. మీరు ఇంత చదువుకున్నారని ధైర్యం చేసి పంపాను. నొక్కే బటన్ దగ్గర ఉంగరంలాంటి కట్టు ఒకటి ఉంది, అది తిప్పితే బటన్ కదలదు. జేబులో వేసుకునేముందు తప్పకుండా తిప్పండి.

తీగ చుట్ట, అదే కాయిల్, ఇలా కట్టాలి. నేను పంపిన తీగను స్క్రూడ్రైవర్ కాడ మీద పక్కపక్కనే బిగువుగా చుట్టండి. రెండు కొసలూ స్క్రూల కింద బిగించి, మిగిలిన తోక దగ్గరికి కత్తిరించండి. తోక గోడకు తగిలితే అక్కడికక్కడే షార్టు. తర్వాత చిన్న మీటరు మీద పెట్టి ఓమ్‌లు చూడండి. కొత్తవారు కాబట్టి అర ఓమ్ దగ్గర ఆగండి. అంకె తగ్గేకొద్దీ బ్యాటరీ మీద బరువు పెరుగుతుంది. కాయిల్ మధ్యలోంచి అంచులకు సమంగా ఎర్రబడితేనే జ్యూస్ పీల్చే దూది పెట్టండి.

ఇక కాలి సంగతి. నేను కళ్ళారా చూసిందే చెప్పాను. ప్లగ్గు ఊడి నేల మీద ఉంది. దాని పక్కన మీ ఎడమ బూటు ఉంది. బూటులో మీరున్నారు.

మీ శ్రేయోభిలాషి,
నికనోర్ తొపాసియో

తా.క. గద్ద ముక్కు ఫెలీసా గీసింది. నా ముక్కును ఆవిడ అలా చూస్తోందని నాకు మీ ఉత్తరంతోనే తెలిసింది.

*

తాల్, బతంగాస్
వాన పడుతోంది

బలాయే గారికి,

మీ ఉత్తరం అందింది. మీ అక్షరదోషాల గురించి ఏమీ అనను. వృత్తి మానేశాను.

మీరు చెప్పినవన్నీ పూర్తి చేశాను, సంతోషించండి. చీమలు మాత్రం బుజ్జగింపులకు లొంగలేదు. అందుకని చర్చిలో మిగిలిన కొవ్వొత్తి తెచ్చి కరిగించి చిల్లులు నున్నగా పూడ్చాను. ఇప్పుడు గొట్టం చూడటానికి మర్యాదగా ఉంది.

బ్యాటరీ మీది ఆకుపచ్చ తొడుగు ఒకచోట చిరిగింది. చింపిరి బట్టతో తిరగడం దేనికని దాని మీద సాన్ మార్టిన్ బొమ్మ అతికించాను. ఆయన చిరుగు బట్టల వాళ్ళను ఆదుకున్న మహానుభావుడు. రెండో బ్యాటరీ ఎప్పుడూ నా ప్యాంటు జేబులోనే ఉంటుంది, చిల్లర నాణేలతో, మా అమ్మ ఇచ్చిన వెండి జపమాలతో పాటు. అంతకన్నా భద్రమైన చోటు ఏముంటుంది?

కాయిల్ కూడా కట్టాను. మీరు అర ఓమ్ అన్నారు. మా బజారు చివర ఇలాంటి గొట్టాలతో పొగ మేఘాలు వదిలే పోటీలకు వెళ్ళే ముఠా ఒకటుంది. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, “అర ఓమా, తాతా? మా అమ్మమ్మ కూడా అంతకన్నా కిందికి దిగుతుంది!” అన్నాడు. నేను ఎవరి అమ్మమ్మకూ తీసిపోను. లావు తీగ తీసుకుని రెండే చుట్లు చుట్టాను. మీటరు దాదాపు సున్నా చూపిస్తోంది. ఈ ఊళ్ళో కవిత్వ బహుమతులు నన్ను దాటి ఎవరెవరికి ఇచ్చారో నాకు తెలుసు. ఒక్క విషయంలోనైనా మొదటి స్థానం నాది.

ఇంకా బటన్ నొక్కలేదు. ఆదివారం పూజ అయ్యాక, అందరి ఎదుటా నొక్కుదామని ఉంది.

ఒక్క సంగతి బుర్రకెక్కలేదు. అంకె తగ్గితే బరువు పెరగడమేమిటి? నేను భాషవాణ్ణి. బ్యాటరీలూ ఓమ్‌లూ లేకుండా, ఇంట్లో అందరికీ కనిపించే వస్తువుతో ఒక్క ఉదాహరణ చెప్పండి. ఒక తీగ ఉందనుకోండి, దాని మీద తాహతుకు మించి భారం వేస్తే ఏమవుతుంది? తప్పెవరిది? వివరంగా, మీ స్వహస్తాలతో రాయండి.

ఇట్లు,
యు. అతియెన్సా

తా.క. మొన్న అమీహాన్ వాళ్ళ అత్తవైపు పిల్లలు వచ్చారు. నేను కుర్చీలో కాలు చాపగానే అందరూ ఒక్కసారి “లోలో, కాలు! లోలో, కాలు!” అని అరిచి ఫ్యాను ప్లగ్గు పట్టుకున్నారు. లోలోను, అంటే తాతను, ఎలా పలకరించాలో పిల్లలకు మీరే నేర్పారు. నేను మరచిపోను.

*

ఇమూస్, కవీతె
మీ ఉత్తరం అందిన గంటలోనే

బలాయే! బలాయే!

బటన్ నొక్కకండి. ముందు బ్యాటరీ తీసేయండి, మిగతా ఉత్తరం తర్వాత చదవండి.

తీశారా?

మైనం గీకేయండి. మొత్తం. సూదితో చిల్లు చిల్లూ శుభ్రం చేయండి. చీమలు దూరితే దూరనివ్వండి. చీమల వల్ల ఎవరి పళ్ళూ రాలవు.

ఆ చిరిగిన బ్యాటరీని వాడొద్దు. తొడుగు చిరిగితే లోపలి లోహం గొట్టానికి తగులుతుంది, గొట్టమంతా కరెంటే. సాన్ మార్టిన్ అంటే నాకూ భక్తి ఉంది, కానీ ఆయన కాగితంతో చేసినవాడు. కొత్త తొడుగు నేను వేసిస్తాను. జేబులోని బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. వెండి గొలుసు దాని రెండు కొసల్నీ కలిపితే మీ ప్యాంటు మీ మీదే తగలబడుతుంది. జపమాల ఒక జేబులో, బ్యాటరీ వేరే డబ్బాలో. మరియమ్మ ఏమీ అనుకోదు.

ఆ కాయిల్ కత్తిరించి పారేయండి. ఆ ముఠావాడు నా అంగడికి వస్తే వాడి అమ్మమ్మకు కబురు పెడతాను.

ఉదాహరణ అడిగారు. వినండి. ఇంట్లో ఒక ఎక్స్‌టెన్షన్ వైరు ఉంది. సన్నది, మీ మీసం వెంట్రుకంత. దానికి తగ్గట్టు ఒక దీపం పెట్టారు, బాగానే ఉంది. ఇప్పుడు దానికే రెండు ఫ్యాన్లు, ఐస్‌క్రీం పెట్టె, పాటల మిషను అన్నీ తగిలించారు. దారి ఎంత సులువైతే అంత కరెంటు తోసుకొస్తుంది. వైరు వేడెక్కి, తొడుగు మెత్తబడి, ఠప్‌మని అంతా ఆగిపోతుంది. అప్పుడు తప్పు వైరుది కాదు, పక్కన కూర్చున్నవాడిదీ కాదు. అన్నీ ఒక్క వైరుకు తగిలించినవాడిదే. అలాంటివాడు శుద్ధ మూర్ఖుడు. బ్యాటరీ ఆ వైరు, మీ కాయిల్ ఆ సామానంతా. అర్థమైందా?

ఫోను వద్దన్నారు కాబట్టి ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సుకే పంపి, ఆదివారం మొదటి బస్సుకు నేను వస్తున్నాను. ఈలోగా గొట్టం ముట్టుకోకండి.

ఆందోళనతో,
నికనోర్

తా.క. ఫెలీసా మీ కోసం చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. మిగిలిన మైనం మీ చేతికి అందకుండా చూడమని ఫాదర్ గారికి చెప్పి వచ్చింది.

*

తాల్, బతంగాస్
శుక్రవారం, ఎండ కాసింది

బలాయే నికనోర్ గారికి,

బస్సు ఎక్కనక్కర్లేదు. కూర్చోండి. నీళ్ళు తాగండి.

మీ గొట్టం చిల్లుల్లో మైనం పడలేదు. బ్యాటరీ తొడుగు చిరగలేదు. జపమాల మేకుకు వేలాడుతోంది. అవన్నీ మీ చేత ఆ ఉదాహరణ రాయించుకోవడానికి నేను అల్లినవి. కాయిల్ మీరు చెప్పినట్టే కట్టాను, మీటరు అర ఓమ్ చూపింది, మధ్యలోంచి అంచులకు ఎర్రబడింది. ముఠావాడు చూసి, “తాతా, ఇది అంగడి పనిలా ఉందే!” అన్నాడు. విద్యుత్తు మీద పుస్తకాలు మీకు లేత్ మిషను రాకముందే నేను ప్రూఫు దిద్దాను.

మీరు శుద్ధ మూర్ఖుడన్న మనిషిని ఇప్పుడు పరిచయం చేస్తాను. మన పిల్లల పెళ్ళి విందులో మీ పెరట్లో ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ వైరుంది. దానికి రెండు ఫ్యాన్లు, ఐస్‌క్రీం పెట్టె, పాటల మిషను తగిలించి ఉన్నాయి, అన్నిటికన్నా చివర నా మైకు. తగిలించింది తమరే. పొట్టి నిచ్చెన ఎక్కి, ఫోటోకు నవ్వుతూ తగిలించారు. ఆ ఫోటో నా దగ్గరుంది. “పక్కన కూర్చున్నవాడిదీ కాదు” అన్న మాట కూడా ఇప్పుడు నా దగ్గరుంది, మీ దస్తూరీలో. వైరు కాలింది, మీరు గుట్టుగా ప్లగ్గు పీకి నా బూటు పక్కన పడేశారు. నిందను ఇన్నేళ్ళూ నా ఎడమ కాలు మోసింది.

బాప్తిస్మానికి వస్తున్నాను. మైకు నాకు కావాలి. రోమన్ల సంగతి తర్వాత, ముందు మీ ఉత్తరం చదువుతాను. కవీతె అంతటి నుంచీ మీ గొట్టాలు కొనేవాళ్ళు వస్తారని విన్నాను. అందరూ వినాలి.

ఇట్లు,
నిర్దోషి
యులోహియో అతియెన్సా

తా.క. సిగరెట్ పెట్టె సొరుగులో ఎండిపోతోంది. ఈ ఉత్తరాలు రాయడానికే చేతులు సరిపోయాయి. మీ గొట్టాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాను, ఒక్క కాగితమూ ఎగరడం లేదు.

రెండో తా.క. చీమల మాట మాత్రం నిజం. ఏం చేయమంటారు?

*

ఇమూస్, కవీతె
సోమవారం

బలాయే యులోహియో గారికి,

మీ ఉత్తరం ముందు నాకు కోపం తెప్పించింది. తర్వాత నవ్వొచ్చింది. రాత్రి పడుకున్నాక మళ్ళీ కోపమొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

నన్ను అబద్ధాలకోరు అనండి, పడతాను. పిసినారి అనండి, అలవాటే. కానీ నికనోర్ తొపాసియో పెళ్ళి పందిట్లో సన్న వైరు వేశాడని నా గిరాకీల ముందు చదివితే మాత్రం ఊరుకోను. బరువు లెక్క చూడనివాడు చేసిన గొట్టం రేపు ఎవడు నోట్లో పెట్టుకుంటాడు?

ఆ వైరు నా వెల్డింగ్ మిషనుది, బలాయే. నా బొటనవేలంత లావు. దాని మీద ఇంకో రెండు పెళ్ళిళ్ళు నడపొచ్చు. ఇప్పటికీ అంగట్లో ఉంది, ఎక్కడా కాలిన మచ్చ లేదు. దీంతో పాటు ఒక జానెడు ముక్క కోసి పంపుతున్నాను. మీకు పుస్తకాలున్నాయి కదా, చూసుకోండి.

కాబట్టి వైరు కాలలేదు. మీ కాలూ తన్నలేదు. కాగితం మీద రాయమన్నారు, రాశాను. మీ కాలు తన్నలేదు. ఆ ప్లగ్గును ఒక మనిషి తన చేత్తో పీకింది. నేను చూశాను. మీ బూటు దగ్గర్లో ఉంది, ఆ మనిషి నాతో ఒకే ఇంట్లో ఉంటుంది. ఎవరి మీద పెట్టమంటారు? నేను రోజూ ఆ చేతి వంటే తినాలి.

మిగతాది ఆవిడే రాస్తానంటోంది.

మీ
నికనోర్

తా.క. చీమలకు: జ్యూస్ కారకుండా పైభాగం తుడిచి, గొట్టాన్ని నీళ్ళ పళ్ళెం మధ్య గిన్నె మీద పెట్టండి. నీళ్ళలో కాదు. గిన్నె మీద. మీకు అన్నీ విడమరచి చెప్పడం అలవాటైపోయింది.

రెండో తా.క., ఫెలీసా చేతిరాత:

బలాయే, పీకింది నేనే. లెచోన్ పందిని నిప్పుల మీద కాల్చి దించి అప్పటికే చాలాసేపయింది. దాని తోలు కరకరలాడుతుండగా తినాలి, మెత్తబడితే అంత ఖర్చూ దండగే. మీరేమో ఇంకా రోమ్‌లోనే ఉన్నారు. పెళ్ళికూతురు ఆకలితో నా వైపు చూసింది, మీ అమ్మాయే. మళ్ళీ అలా జరిగితే మళ్ళీ అదే చేస్తాను.

పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తాతగారి కాలికి క్షమాపణ చెప్పిస్తాను. బాప్తిస్మానికి తప్పక రండి. మైకు మీకే ఇస్తాం, మాట్లాడాలనిపించినంతసేపు మాట్లాడండి.

ప్లగ్గు నా కుర్చీ పక్కనే ఉంటుంది.