రెండడుగుల చోటు

నాన్నా,

నీ మణికట్టు విరగ్గొట్టింది మన గోడౌన్ మేనేజరు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను, కింద రాసేది చదివి నువ్వు ఆయన్ని క్షమించేస్తావేమోనని. పెట్టెలు దిగే జారుడుబల్ల కింద మనం నిలబడి పట్టే చోట, మన వెనక రెండడుగుల ఖాళీ ఉండేది. అందులోకి ఇనప ర్యాకులు జరిపించింది ఆయనే. పైఅంతస్తు నుంచి టానిక్ సీసాల పెట్టె దూసుకొస్తుంటే నువ్వు అలవాటు కొద్దీ వెనక్కి అడుగేశావు. వీపుకి ఇనుము తగిలింది. నువ్వు ఆగావు, పెట్టె ఆగలేదు.

నువ్వు అక్క ఇంటికి వెళ్ళినప్పటి నుంచి నీ చోట నేను నిలబడుతున్నాను. ముందు జారుడుబల్ల, వెనక ర్యాకు, రెండు పక్కలా మనవాళ్ళ మోచేతులు. గట్టిగా ఊపిరి పీలిస్తే వీపు ఇనుముకి ఆనుతుంది. సాయంత్రానికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాలి.

నిన్న మేనేజరు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. నీ అజాగ్రత్త వల్లే చెయ్యి విరిగిందని అందులో ఉంది. సాక్షిగా నా సంతకం కావాలట. వచ్చే శనివారం దాకా గడువు. "కదలకుండా పట్టొచ్చని చేసి చూపించింది నువ్వేగా? కొడుక్కి చేతనైంది తండ్రికి చేతకాకపోతే తప్పు ర్యాకుదా?" అన్నాడు. సంతకం పెడితే నువ్వు దోషివి. పెట్టకపోతే ఇద్దరికీ పని ఉండదు.

నాన్నా, ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నిజం. అది నీకు ఇంతవరకు చెప్పలేదు. ఒకరోజు ఆయన నిన్ను అందరి ముందూ ముసలి గుర్రం అంటే నువ్వు నవ్వి పక్కకి తప్పుకున్నావు, గుర్తుందా? నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు నువ్వు పనికి రాలేదు. మనవాళ్ళు టీకి వెళ్ళిన వేళ ఆయన టేపు పట్టుకొచ్చి నేల కొలుస్తూ, మీకు వెనక ఇంత చోటు దేనికని అడిగాడు. నేను చదివిన కరపత్రాలన్నీ నిటారుగా నిలబడమనే చెప్పాయి. వెనకడుగు వేసేవాడు బానిస అని ఒకదాంట్లో ఎర్రక్షరాల్లో ఉంది. నువ్వు ప్రతి పెట్టెకీ ఒళ్ళు వెనక్కి వాల్చి, చేతులు కడుపు దాకా లాక్కుని పడుతుంటే, ఇదేం బతుకు, చివరికి పెట్టెలకి కూడా దణ్ణాలేనా అనుకునేవాణ్ణి. అందుకే, చోటెందుకండీ చూడండి అని, పాదాలు బిగించి మూడు పెట్టెలు పట్టాను. మూడోదాంట్లో సీసా పగిలింది. చొక్కా నిండా తియ్యటి వాసన. ఆయన శభాష్ అన్నాడు. ఆ శభాష్ నాకు నచ్చింది నాన్నా. ఇప్పుడు కాలుస్తున్నది అదే. మోచేతులు వాచిపోతే వారం రోజులు పొడుగుచేతుల చొక్కా వేసుకు తిరిగాను.

సంతకం పెట్టను. శుక్రవారం సాయంత్రం ఏదో ఒక బండెక్కి పోతాను. నీకు మొహం చూపించలేను.

అందరూ పిలిచినట్టే,
నీ కరపత్రం

*

చిన్నోడా,

రాత అక్కది, మాట నాది. మధ్యలో తన మాటలు కలిపితే పట్టించుకోకు. (కలుపుతాను. బండెక్కావో, కాళ్ళు విరగ్గొడతాను. ఇంట్లో ఒక కట్టు ఎలాగూ ఉంది. అక్క.)

నీ చొక్కా ఉతికింది నేనే కదరా. టానిక్ వాసన ఒక్క ఉతుక్కి పోతుందా? అంత ఎండలో పొడుగుచేతుల చొక్కా వేసుకున్న మొనగాడివి నువ్వొక్కడివే. నీ అంతట నువ్వే చెప్తావని చూశాను. ఈలోగా ర్యాకులు వచ్చాయి. నోరు విప్పితే నీ పేరు బయటపడుతుందని మింగేశాను. కాబట్టి తప్పు నీ ఒక్కడిదే కాదు.

దణ్ణాలన్నావు. నీకు నాలుగేళ్ళప్పుడు అటకెక్కి, నాన్నా పట్టుకో అని దూకేశావు. నేను స్తంభంలా నిలబడి పట్టుంటే నీ పక్కటెముకలు నా చేతుల మీదే విరిగేవి. నీతో పాటు నేనూ కూలబడుతూ పట్టాను. నీ బరువు తగ్గిందా? లేదు. పడే వేగం తగ్గిందా? లేదు. దెబ్బకి కాస్త దారిచ్చాను, అంతే. దారి పొడుగయ్యేకొద్దీ దెబ్బ పలచనవుతుంది. నన్ను దూదిచేతులాయన అంటారు కానీ, నా పనితనం చేతుల్లో లేదురా, ఆ రెండడుగుల్లో ఉంది.

అయితే మేనేజరు తిట్టినప్పుడు నవ్వి తప్పుకున్నానే, అదీ ఇదే విద్య అనుకున్నాను ఇన్నేళ్ళూ. తప్పుకోవడానికి వెనక చోటుండాలి. ఆ చోటు ఎవడు మింగుతున్నాడో ఒక్కసారీ తిరిగి చూడలేదు. ఇది మాది అని అడగలేదు. అందులో నువ్వు నాకంటే నయం. నీకు అడగడం వచ్చు.

పారిపోవడం వెనకడుగు కాదు. పెట్టెని పక్కవాడి మీదికి వదిలెయ్యడం. నువ్వు చేసింది మనవాళ్ళకి నీ నోటితో చెప్పు. తిడతారు. తిట్టేటప్పుడు బిగుసుకోకు.

(నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు. రాయొద్దన్నాడు. రాశాను.)

మీ నాన్న

*

జారుడుబల్ల కింద నాతో నిలబడే అన్నలకీ బాబాయిలకీ,

మేనేజరు సంతకం పెట్టమన్న కాగితం ఇదే. సంతకం పెట్టలేదు. దాని వెనకవైపు ఈ ఉత్తరం రాస్తున్నాను. ముందు వైపు కూడా చదవండి, చదివి పక్కవాళ్ళకి ఇవ్వండి.

ర్యాకులు జరిపింది మేనేజరు. జరపొచ్చని చేసి చూపించింది నేను. మీరు టీకి వెళ్ళినప్పుడు మూడు పెట్టెలు కదలకుండా పట్టాను. నాలుగోది నా వల్ల అయ్యేది కాదు. ఆ మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు పట్టే పెట్టెలన్నిటికీ ఆ మూడే కొలమానం అయ్యాయి. మా నాన్న చెయ్యి విరిగింది. రేపు విరిగేది మీలో ఎవరిదో తెలీదు.

మేస్త్రీ బాబాయికి నిన్ననే చెప్పాను. మొత్తం విన్నాడు. తర్వాత, "ఒరేయ్ కరపత్రం, ఇన్నాళ్ళకి వినదగ్గ ముక్క ఒకటి చెప్పావు" అని నెత్తిన గట్టిగా ఒక్కటిచ్చాడు. ఆయన చేత్తో పాటే తల వంచాను. నిజమే, తక్కువ తగిలింది. మీ వంతు దెబ్బలు కూడా అలాగే తీసుకుంటాను.

శనివారం పొద్దున ఆరింటికి, పని గంట కొట్టకముందే, గేటు బయట ఖాళీ నేల మీదికి రండి. మా నాన్న వస్తున్నాడు, కట్టుతోనే. ఆయన పెట్టె పట్టడు, పట్టేటప్పుడు వేసే అడుగులు వేసి చూపిస్తాడు. పాదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సుద్దతో గీద్దాం. ఆ కొలతకి తాడు కోసి అందరం కలిసి లోపలికి పట్టుకెళ్దాం. జారుడుబల్లకీ ర్యాకుకీ మధ్య ఆ తాడు నిండా చాచి పట్టేంత చోటు వచ్చేదాకా ఒక్క పెట్టె కూడా ముట్టుకోవద్దు.

ఆరింటికి. తాడు నేను తెస్తాను.

మీ కరపత్రం